అక్క మాట మార్చింది

మా అక్కకి నలభై ఆరో ఏట జ్ఞానదంతం తీశారు. అది దవడలో అడ్డంగా పడుకుని పక్క పన్నును తోస్తోందని, చిగురు కోసి, పన్నును రెండు ముక్కలు చేసి బయటికి లాగారు. ముందురోజు ఫోన్‌లో ఎవరితోనో, "అందరికీ ఈ వయసుకి జ్ఞానం వస్తుంది, నేను పీకించుకుంటున్నాను" అని నవ్వుతూ చెప్పింది.

ఎనభైల మధ్య సంవత్సరాలవి. నేను న్యూజెర్సీకి వచ్చి పదకొండేళ్ళయింది, ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షల లాబ్‌లో పనిచేసేదాన్ని. అక్క నా స్పాన్సర్‌షిప్ మీద వచ్చి ఏడాదిన్నర. పార్సిప్పనీలో మా రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో నాతోనూ మా ఆయనతోనూ ఉండేది. అంతకుముందు గోదావరి జిల్లాలో ఒక మిషన్ బడిలో ఇరవై రెండేళ్ళు తెలుగు చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళతో, "క్లాసులో అరవై మంది ఉన్నారండి, ఇంకా ఎంతమందిని కనమంటారు" అనేది.

పన్ను తీసినరోజు ఇచ్చిన మత్తు సాయంత్రానికి దిగిపోవాలి. మర్నాటికీ దిగలేదు. మూడోరోజు పొద్దున కాఫీ తాగుతూ అక్క నా వైపు అదోలా చూసి, "నాలుక కుడివైపు సగం మొద్దుబారిపోయిందే. నాది కానట్టుంది" అంది. నోరు తెరవమంటే నాలుక అంచు కాలి బొబ్బెక్కి ఉంది. కాఫీ అంత వేడిగా ఉందని ఆమెకి తెలియనే లేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. భయం వేసినా అది కోపం వేషంలోనే బయటికొస్తుంది. చూసుకుని తాగాలని తెలియదా అని కసిరి, గిన్నెలు గట్టిగా సర్దాను.

పన్ను తీసిన సర్జన్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. తల నెరిసిన మనిషి, నెమ్మదస్తుడు. నాలుకకి స్పర్శనిచ్చే నరం ఆ పన్నుకి ఆనుకునే వెళ్తుందని, ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి నలుగుతుందని, చాలామందికి దానంతటదే కోలుకుంటుందని, కొందరికి కోలుకోదని చెప్పాడు. ఈ సంగతి మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంది అని మర్యాదగానే గుర్తుచేశాడు. నిజంగానే ఉంది. ఆనాడు అక్క కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం చదవబోతుంటే, ఏవో రాస్తారులే, ఇక్కడ సంతకం పెట్టు, పార్కింగ్ టైమైపోతోంది అన్నది నేనే.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళ సామెత. అక్క ఆ రోజు కారులో దాన్ని చెప్పింది, నన్ను నవ్వించడానికే. నాకు నవ్వు రాలేదు.

మా తెలుగు క్రైస్తవ సంఘం అప్పట్లో ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు కూడేది. వాళ్ళ ఆరాధన అయిపోయి, వాళ్ళ కాఫీ వాసన ఇంకా పోకముందే మేం దిగేవాళ్ళం. పాటలు, వాక్య ప్రసంగం అయ్యాక అక్క ఒక మూల తొమ్మిదిమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు చెప్పేది. ఇక్కడే పుట్టిన పిల్లలు. వాళ్ళ నోట ళ పలకదు, ణ పలకదు. నీళ్ళు అంటే నీల్లు, కరుణ అంటే కరున. అక్క ఒక్కొక్కరి ఎదుటా మోకాళ్ళ మీద కూర్చుని, నోరు బాగా తెరిచి, నాలుక కొనని వెనక్కి మడిచి అంగిలికి ఎక్కడ తాకించాలో చూపించేది. ఆమెకి ఉద్యోగం లేదు, డ్రైవింగ్ రాదు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ ఎదుటిమనిషితో మాట్లాడాలంటే గొంతు పెగలదు. ఈ దేశంలో ఆమె ఆమెగా ఉండేది ఆ గంటసేపే.

నవంబరులో ఒక ఆదివారం ఆమె పలక మీద కళ్ళు అని రాసి, చదివింది. కల్లు అని వినపడింది. మళ్ళీ అంది. మళ్ళీ కల్లే. ఒక పిల్ల సంబరంగా, "ఆంటీ కూడా మాలాగే అంటున్నారు" అంది. వెనక కుర్చీలో ఉన్న పెద్దాయన, ప్రభువు సన్నిధిలో కల్లేమిటండీ టీచరుగారూ అని చమత్కరించాడు. అందరూ నవ్వారు, అక్కా నవ్వింది, నేనూ నవ్వాను.

తిరిగొస్తుంటే కారులో అక్క అంది, "ఇది బాగవకపోతే నేనా పిల్లల ముందు కూర్చోను. తప్పు నేర్పడం కంటే మానుకోవడం మేలు." అక్క ఒకసారి అన్నదంటే అన్నట్టే.

నెల గడిచినా మార్పు లేకపోయేసరికి సర్జన్ మమ్మల్ని గంట ప్రయాణం దూరంలో ఉన్న ఒక డెంటల్ కాలేజీకి పంపించాడు. అక్కడ ఒక కుర్ర డాక్టర్ నోటి ఆపరేషన్ల తర్వాత పుండ్లు మానడానికి, నరాలు కోలుకోవడానికి తక్కువ శక్తి ఉన్న లేజర్ కాంతి పనికొస్తుందేమోనని పరీక్షలు చేస్తున్నాడు. మొదటిరోజే అన్నీ దాచకుండా చెప్పాడు. ఇది ఇంకా పరిశోధనే, వైద్యంగా ఎవరూ ఆమోదించలేదు, గుణం కనిపిస్తుందని హామీ ఇవ్వలేను, హాని జరగదని మాత్రం నా నమ్మకం.

లేజర్ అన్న మాట వినగానే అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఇనపరేకుల్ని కోసేదని పేపర్లో చదివింది కదా. మిగిలిన సగం కూడా కాల్చేస్తారేమో అడగమంది. నేను అడిగాను. ఆయన నవ్వలేదు. ముందు తన అరచేతి మీద, తర్వాత నా అరచేతి మీద ఆ కాంతి పడేలా పెట్టి చూపించాడు. ఎర్రటి చుక్క. వేడి లేదు, చురుకు లేదు. ఏమీ లేదు.

చక్రాల బల్ల మీద సూట్‌కేసంత పెట్టె, దాన్నుంచి సన్నటి తీగ, తీగ చివర పెన్నులాంటిది. అక్కకి ఆకుపచ్చ కళ్ళద్దాలు పెట్టి, ఆ పెన్నుని పన్ను తీసినచోట కొన్ని నిమిషాలు, దవడ లోపలివైపు కొన్ని నిమిషాలు, నాలుక అంచున కొన్ని నిమిషాలు ఆనించి ఉంచేవాడు. లోపలినుంచి బుగ్గ ఎర్రగా వెలిగేది. చిన్నప్పుడు టార్చిలైటు మీద అరచెయ్యి మూసి వేళ్ళ సందుల్లో ఎరుపు చూసుకునేవాళ్ళం, అలాగ. వారానికి రెండుసార్లు, పది వారాలు రావాలన్నాడు.

ప్రతిసారీ కాంతి పెట్టేముందు పరీక్ష ఉండేది. అక్క కళ్ళు మూసుకోవాలి. ఆయన దూదిపోగుతో నాలుకని ముట్టుకుంటాడు, తర్వాత సన్నటి సూదిమొనతో. తెలిసినప్పుడల్లా అక్క వేలెత్తాలి. ఎడమవైపు ముట్టుకోగానే వేలు లేచేది. కుడివైపు ముట్టుకుంటే ఆ చెయ్యి ఒళ్ళో అలాగే పడి ఉండేది. నేను గోడకి ఆనుకుని ఆ చేతినే చూసేదాన్ని. ఒక్కసారి కదులు, ఒక్కసారి కదులు అని లోపల్లోపల ప్రార్థన చేసేదాన్ని.

పరీక్ష అయ్యాక డాక్టర్ కాగితం తీసుకుని నన్ను అడిగేవాడు, "స్టిల్ నమ్?" ఇంకా మొద్దుగానే ఉందా అని. నేను అక్క వైపు తిరిగి, ఎలా ఉందే అనేదాన్ని. మొద్దుగానే ఉంది అనేది అక్క. "స్టిల్ నమ్" అనేదాన్ని నేను. ఆయన రాసుకునేవాడు. మొదటి వారాలన్నీ ఇలాగే గడిచాయి.

నా సంగతి కూడా చెప్పాలి. వారంలో రెండు పూటలు లీవ్ పెట్టడం మా సూపర్‌వైజర్‌కి నచ్చేది కాదు. రూట్ ఎయిటీ హైవే మీద మంచు, లారీలు. ఆ గదిలో అడుగుపెట్టేసరికే నా మనసు తిరుగు ప్రయాణంలో ఉండేది. అక్కేమో తెలుగు టీచరు. ఆమె వాక్యానికి ముందు పీఠిక ఉంటుంది, మధ్యలో ఉపమానం ఉంటుంది, క్రియ చివరికి గానీ రాదు. ఆ చివరిదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఆమె సగంలో ఉండగానే నా ఇంగ్లీషు బయల్దేరేది.

ఆరో వారంలో ఒకరోజు నేను ఎలా ఉందే అనగానే అక్క కాస్త నిటారుగా కూర్చుని, "మొన్నటినుంచీ చూస్తున్నాను, పొద్దున లేచేసరికి, కొన దగ్గర ముఖ్యంగా, తిమ్మిరిగా ఉంటోంది, అది ఎలాగంటే—" అంది.

"స్టిల్ నమ్" అన్నాను డాక్టర్‌తో. ఆయన రాసుకున్నాడు.

కారెక్కాక అక్క అడిగింది. నేనంత చెప్తే నువ్వు ఒక్క ముక్కలో ముగించావేం అని. ఇంగ్లీషులో అంతేనక్కా, అది పొట్టి భాష అన్నాను. ఏమిటో, వెళ్ళినప్పుడల్లా నమ్ నమ్ అంటావు అని ఊరుకుంది. ఆ ఇంగ్లీషు మాట ఆమెకి తెలియక కాదు. పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివింది. కాకపోతే చివరి బి కూడా పలుకుతుందనుకుని మనసులో నంబ్ అనుకునేది. నేనూ డాక్టరూ అనుకునే నమ్ ఆ మాటేనని ఆమెకి తట్టలేదు. ఇది నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఏడో వారం తిమ్మిరి అంది. ఎనిమిదో వారం తిమ్మిరి అంది. నేను రెండు మాటల్లో చెప్పేసి కారు తాళాలు తీసుకునేదాన్ని. కుడివైపు దూది ముట్టుకుంటే ఆమె చెయ్యి ఎప్పటిలా ఒళ్ళోనే ఉండేది. పదో వారానికి కుర్ర డాక్టర్ ముఖంలో మొదట్లో ఉన్న ఉత్సాహం పోయింది. సర్జన్‌ని పిలిపించాడు.

సర్జన్ ఆ కాగితాలన్నీ ముందు వేసుకుని చూశాడు. పది వారాలూ ఒకటే మాట. నాలుగు నెలలు దాటింది, ఇంకా ఆగితే అతికే అవకాశం తగ్గుతూ పోతుంది అన్నాడు. మళ్ళీ కోసి నరాన్ని చూడాలి. మచ్చగట్టి ఉంటే ఆ ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టాలి. అందకపోతే చెవి వెనకనుంచి ఇంకో నరం తీసి అతుకు వేయాలి. బాగవుతుందన్న భరోసా లేదు, నాలుకలో శాశ్వతంగా నొప్పి మిగిలిపోవచ్చు, ఇప్పుడున్నదీ పోవచ్చు. అయినా నరంలో ప్రాణం ఉన్నట్టు ఒక్క గుర్తు కూడా లేనప్పుడు ఇంతకంటే దారి లేదు.

నేను ఇదంతా తెలుగులో చెప్పాను. ఆ రోజు మాత్రం అక్క చాలా తక్కువ మాట్లాడింది. చేయించుకోకపోతే ఏమవుతుందని అడిగింది. ఇలాగే ఉండిపోతుందట అన్నాను. రెండు రోజులు తనలో తనే ప్రార్థించుకుని, దేవుని చిత్తం, చేయించుకుంటాను అంది. మార్చి మొదటి వారంలో రోజు ఖాయం చేశారు.

ఆ ఉదయం ఆసుపత్రిలో అక్కకి గౌను తొడిగి మంచం మీద కూర్చోబెట్టారు. ఆ గౌనులో ఆమె చాలా చిన్నగా కనిపించింది. నర్సు మూడు పేజీల కాగితం, పెన్ను ఇచ్చి, సంతకం అయ్యాక మగతకి ఇంజెక్షన్ ఇస్తాను, పది నిమిషాల్లో వస్తాను అని వెళ్ళింది. నేను అలవాటు ప్రకారం మూడో పేజీ తిప్పి సంతకం పెట్టేచోట వేలు పెట్టాను.

అక్క నా చెయ్యి పక్కకి తీసింది. "ఈసారి చదువుతాను" అంది.

వరస కింద వేలు జరుపుకుంటూ, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. నేను గోడ గడియారం చూస్తున్నాను. మొదటి పేజీకి నాలుగు నిమిషాలు పట్టింది. రెండో పేజీ సగంలో వేలు ఆగింది. నంబ్‌నెస్ అంటే మొద్దుబారడం, తెలుసు, దీని పక్కన ఇంకో మాట ఉంది, అదేమిటి అని అడిగింది. వంగి చూశాను. టింగ్లింగ్.

"టింగ్లింగ్ అంటే, కాలు మడిచి చాలాసేపు కూర్చుని లేస్తే జివ్వుమంటుంది చూడు, చీమలు పాకినట్టు."

"అంటే తిమ్మిరి."

"ఆఁ, తిమ్మిరే."

అన్నది నా నోరే. విన్నవి నా చెవులే. అప్పటికీ అర్థం కాలేదు. అక్క కళ్ళజోడు పైనుంచి నన్ను చూస్తూ, "మరి నాకున్నది అదే కదే. నెల దాటింది. వెళ్ళినప్పుడల్లా చెప్తూనే ఉన్నాను" అంది.

కాగితం మీద పక్కపక్కనే ఉన్న ఆ రెండు మాటల్నీ మళ్ళీ చదివాను. మంచం అంచు పట్టుకున్నాను.

మనవాళ్ళలో పన్ను పీకించుకుని వచ్చినవాడూ నోరు తిమ్మిరిగా ఉందంటాడు, కాలు మడిచి కూర్చుని లేచినవాడూ కాలు తిమ్మిరెక్కిందంటాడు. మొదటిది స్పర్శ పోవడం, రెండోది పోయిన స్పర్శ తిరిగి రావడం. మన నోట రెండూ ఒకటే మాట, నా చెవికీ ఒకటే మాట. ఇంగ్లీషులో అవి వేరు, వైద్యుడికి అవి తూర్పూ పడమరా. అక్కకి కూడా వేరే. ఇరవై రెండేళ్ళు మాటల తేడాలు చెప్పి బతికిన మనిషి.

"మొదట్లో మొద్దన్నాను. తర్వాత తిమ్మిరన్నాను. నేను మాట మార్చాను కదే" అంది అక్క.

మాట మార్చడం మన భాషలో తిట్టు. ఆమె మార్చింది. నేను మార్చలేదు. తప్పంతా మార్చనిదాని దగ్గరే ఉంది.

తర్వాత జరిగింది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. నేను వెంటనే తలుపు దగ్గరికి పరిగెత్తలేదు. నిలబడి లెక్కలు వేసుకున్నాను. దూదికీ సూదికీ ఆమె వేలు లేవలేదు కదా, వాళ్ళు దాన్నిబట్టి కూడా నిర్ణయించారు కదా అనుకున్నాను. ఆపరేషన్ గది సిద్ధంగా ఉంది, అంతమంది వచ్చి ఉన్నారు. ఇప్పుడు చెప్తే ఒక డాక్టర్ పరిశోధన కాగితాల్లో వారాల తరబడి తప్పు రాయించింది నేనని తేలుతుంది. నా ఉద్యోగమే గాజుగొట్టాల మీద పేర్లు తారుమారు కాకుండా చూడడం. ఇంత చిన్న మాటకి ఏం తేడా వస్తుందిలే అని, అక్షరాలా ఈ మాటలతోనే అనుకున్నాను. అక్క నా ముఖం చూస్తోంది. ఏమైందే అని అడిగింది.

నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. సంతకం అయిందా అని నన్ను అడిగి, అక్క జబ్బ మీద గౌను చెయ్యి పైకి మడిచింది. స్పిరిట్ దూదితో తుడిచింది. ఆ తడి చర్మం చూశాక నాకు నోరు వచ్చింది.

"ఆపండి. ఆమె చెప్పినదాన్ని నేను తప్పుగా చెప్పాను" అన్నాను ఇంగ్లీషులో.

సర్జన్ తలకి టోపీతోనే వచ్చాడు. మొహంలో విసుగు ఉంది, ఉండడం న్యాయమే. నేను గబగబా తెలుగు మాటలూ ఇంగ్లీషు మాటలూ కలిపేసి చెప్పుకుపోతుంటే చెయ్యెత్తి ఆపాడు. నన్ను కాదు, అక్కని చూస్తూ, నాలుకలో ఏమనిపిస్తోంది అని నెమ్మదిగా అడిగాడు. నేను అనువాదం చేయబోయాను. అక్క నా చెయ్యి నొక్కింది.

"ఆంట్స్" అంది. మాట కోసం వెతుక్కుంది. "స్మాల్ ఆంట్స్. వాకింగ్."

ఏడాదిన్నరలో ఆమె ఒక అమెరికన్‌తో నేరుగా చెప్పిన మొదటి మాటలవి. ఆయన గ్లవ్స్ తొడుక్కుని ఆమె నోట్లో వేలు పెట్టి, పన్ను తీసినచోటికి కాస్త లోపలగా దవడ మీద తట్టాడు. అక్క భుజాలు ఉలిక్కిపడ్డాయి. ఆయన చెయ్యి తీశాక, వేలితో తన నాలుక కొన చూపించింది. అక్కడ, చీమలు, అని సైగ చేసింది. ఆయన ఇంకొంచెం ముందుకి జరిపి తట్టాడు, అక్కడేమీ లేదు. మళ్ళీ మొదటిచోట తట్టాడు. మళ్ళీ భుజాలు కదిలాయి. మూడోసారీ అంతే.

ఆయన టోపీ తీసి పక్కన పెట్టాడు. నరం పెరుగుతూ వస్తోంది, దాని కొస అక్కడిదాకా వచ్చింది, దూది తెలియడానికి ఇంకా సమయం పడుతుంది అన్నాడు. ఇప్పుడు కోసి ఉంటే ఆ పెరిగేదాన్నే కోసేవాణ్ణి అన్నాడు. ఎప్పటినుంచి చెప్తోంది అని నన్నడిగాడు. ఆరో వారం నుంచి అన్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అక్క చెప్పిన తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసివ్వమని కాగితం ఇచ్చాడు. తిమ్మిరి అని రెండుసార్లు రాస్తే గానీ కుదరలేదు.

కుర్ర డాక్టర్‌కి నేనే స్వయంగా చెప్పాలని ఆ మధ్యాహ్నమే కాలేజీకి వెళ్ళాను. అక్క కాగితాల్లో ఆఖరి వారాల గళ్ళన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాడు. క్షమించమంటే తలూపాడు, పరవాలేదు అనలేదు. కాంతి వల్లే నరం కోలుకుంటోందా అని అడిగాను. ఒక్క మనిషిని చూసి చెప్పలేను, దానంతటదే వచ్చి ఉండొచ్చు, తెలియకుండా తెలుసని చెప్పను అన్నాడు. మాటని అంత జాగ్రత్తగా వాడే మనిషి ముందు నిలబడడం నాకు కష్టమైంది. ఇంకొన్ని వారాలు కాంతి పెట్టిస్తూ చూద్దాం, తీసుకురండి అన్నాడు.

అక్క నాలుక కుదుటపడడానికి ఆ ఏడాదంతా పట్టింది. వేసవిలో దూది తెలిసింది. క్రిస్మస్ ముందు ఆదివారం పిల్లల ముందు మళ్ళీ కూర్చుంది. కుడి అంచున ఉప్పు రుచి మాత్రం రానేలేదు, కూరలో ఉప్పు చూడమంటే నన్ను పిలిచేది. సంఘంలో అందరూ ప్రార్థన ఫలించిందన్నారు, నేనూ ఆమెన్ అన్నాను. అసలేం జరిగిందో ఎవరికీ చెప్పలేదు, అక్క కూడా చెప్పలేదు.

కాని ఆమె నాకొక శిక్ష వేసింది. అది శిక్ష అని ఆమె అనుకోలేదేమో.

ఆపరేషన్ ఆగిపోయిన తర్వాత మొదటిసారి అక్కని కాలేజీకి తీసుకెళ్ళినరోజు నేను చాలా సిద్ధపడి వెళ్ళాను. ఆ పూటంతా లీవ్ పెట్టాను. నోట్‌బుక్ కొన్నాను. అక్క చెప్పే ప్రతి మాటా రాసుకుని, పొల్లు కూడా పోకుండా చెప్తానని దారి పొడుగునా ఆమెకి చెప్పాను. అక్క కిటికీలోంచి చూస్తూ ఊఁ కొట్టింది. డాక్టర్ తలుపు తీసి రమ్మన్నాడు. నేను లేచాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ కూర్చోబెట్టింది.

"నీ మీద కోపం లేదే. నా నాలుక సంగతి నేనే చెప్పుకుంటాను, నువ్వు ఇక్కడుండు" అంది.

లోపలికెళ్ళింది. తలుపు పూర్తిగా పడలేదు. నేను ఆ ప్లాస్టిక్ కుర్చీలో కొత్త నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎలా ఉందని డాక్టర్ అడగడం వినపడింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. లేచి వెళ్ళి అందిద్దామని నా పెదాల మీదికి ఇంగ్లీషు మాటలు వచ్చేశాయి, నోరు మూసుకున్నాను. అక్క మొదలుపెట్టింది. "మార్నింగ్..." అంది. ఆగింది. "మార్నింగ్ టైమ్, వాటర్..." మళ్ళీ ఆగింది. డాక్టర్ ఏమీ అందించలేదు. కుర్చీ కూడా కిర్రుమనలేదు. "కోల్డ్ వాటర్, దిస్ సైడ్, లిటిల్, లిటిల్, కోల్డ్... ఐ నో" అంది అక్క, తెలుగులో లాగానే క్రియని చివర పెట్టి.

కుడివైపు నాలుకకి చల్లదనం తెలుస్తోందని ఆమె నాకింకా చెప్పనే లేదు. ఆ వాక్యానికి ఒక నిమిషం పట్టింది, గోడ మీద గడియారం ఉంది కాబట్టి నాకు తెలుసు. ఆ ఒక్క నిమిషం మిగుల్చుకోవడానికే నేను మా అక్క దవడ కోయించబోయాను.